ప్లేగు పోయింది, నీడ మిగిలింది

1898 ఆగస్టులో ప్లేగు బెంగళూరుకు చేరింది. పాతపేటలో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని గాలీ వెలుతురూ లేకుండా ఉండేవి. వేలమంది పోయారు. అంతకుముందే ఆలోచనలో ఉన్న రెండు కొత్త పేటల పనిని మైసూరు ప్రభుత్వం తొందరపెట్టింది. ఉత్తరాన మల్లేశ్వరం, దక్షిణాన బసవనగుడి.

తమాషా ఏమంటే, ఆ నక్షాలు గీసినవారికి ప్లేగు ఎలా అంటుతుందో తెలియదు. ఎలుకల ఒంటిమీది ఫ్లీ పురుగుల ద్వారా వస్తుందని ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమాన్ కరాచీలో కనిపెట్టింది ఆ ఏడాదే. లోకం దాన్ని నమ్మడానికి మరికొన్నేళ్లు పట్టింది. బెంగళూరు అధికారుల అనుమానమంతా ఇరుకుమీద, చెడుగాలిమీద. అందుకే వెడల్పు వీధులు వేశారు, ఇంటిచుట్టూ ఖాళీ వదిలించారు, వీధి పక్కన చెట్లకు చోటిచ్చారు. ఇళ్ల వెనక సన్నటి సందులు కూడా పెట్టారు. మరుగుదొడ్లు శుభ్రం చేసే సఫాయి పనివారు ముందు వీధిలోకి రానక్కరలేకుండా వేసిన దారులవి. ఈ పేటల అందం చెప్పేటప్పుడు ఆ సంగతి దాటవేయకూడదు.

రోగానికి కారణం సరిగా పట్టుకోలేదు గానీ, ఆ ఏర్పాటు నూరేళ్ల తర్వాత మరో బాధకు, అంటే ఎండకు, పనికొచ్చింది. బెంగళూరు వీధి చెట్లమీద పర్యావరణ పరిశోధకురాలు హరిణి నాగేంద్ర బృందం చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. మధ్యాహ్నంపూట చెట్లున్న వీధిలో గాలి ఉష్ణోగ్రత, చెట్లులేని వీధితో పోలిస్తే 5.6 డిగ్రీల దాకా తక్కువ కనిపించింది. రోడ్డు ఉపరితలం వేడి అయితే 27.5 డిగ్రీల దాకా తగ్గింది.

ఈ రెండు అంకెల్లో పాదచారికి ఎక్కువ లెక్కలోకి వచ్చేది రెండోదే అంటాను. ఒంటికి తగిలే వేడి గాలినుంచి మాత్రమే రాదు. పైనుంచి ఎండ, కిందనుంచి తారు, పక్కనుంచి గోడ, అన్నీ సెగ కక్కుతూనే ఉంటాయి. వాతావరణ కేంద్రంలో థర్మామీటరును తెల్లరంగు వేసిన పెట్టెలో నీడపట్టున ఉంచుతారు కాబట్టి ఈ సెగ దానికి అందదు. టీవీలో 34 డిగ్రీలు అన్నరోజున నడిరోడ్డుమీద నలభై దాటినట్టనిపిస్తే అది మన భ్రమ కాదు. నీడ ఆ సెగను పుట్టకముందే ఆపుతుంది.

ఆకులు చేసే ఇంకో పని నీటిని ఆవిరిగా వదలడం. లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. కరెంటు లెక్కలో అది యూనిట్‌లో మూడింట రెండు వంతులు. వేళ్లకు నీరందిన పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు వదిలిందనుకుందాం. ఒకటిన్నర టన్నుల ఏసీ పన్నెండు పదమూడు గంటలు ఆడి గదిలోంచి తోడిపోసే వేడికి అది సమానం. ఏసీ ఆ వేడిని వీధిలోకే నెడుతుందన్నది వేరే సంగతి. అలాగని చెట్టుకింద ఏసీ గది చల్లదనం ఉండదు, చుట్టుపక్కల గాలి వచ్చి కలిసిపోతుంది. పగటిపూట చెట్టు చేసే మేలులో పెద్ద వాటా నీడదే.

చెట్లు ఉన్నంతమాత్రాన వీధి గాలి శుభ్రమని అనుకోకూడదు. సన్నని వీధిలో కొమ్మలు కప్పుకుని, కింద బండ్లు కిక్కిరిస్తే పొగ పైకి పోలేక అక్కడే తిరుగుతుంది.

ఇక ఇళ్లు. బసవనగుడిలో మిగిలిన పాత ఇంటి ముందు నిలబడి కిటికీల పైభాగం చూడండి. ముందుకు పొడుచుకొచ్చిన చిన్న వాలు చూరు, దాని కింద నిలువుగా వరుసగా దిగిన సన్నని చెక్కపట్టీలు కనిపిస్తాయి. స్థానికులు దాన్ని మంకీ టాప్ అంటారు. ఎండను, జల్లును అడ్డుకుని గాలిని రానిస్తుంది. ఎత్తయిన లోకప్పు కింద వేడిగాలి పైకి చేరి వెంటిలేటర్లలోంచి వెళ్లిపోతుంది. పైన మద్రాసు టెర్రస్: టేకు దూలాలమీద సన్నని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో, గానుగ సున్నంతో పేర్చిన కప్పు. మందపాటి గోడలూ కప్పూ పగటి వేడిని మింగి, లోపలికి పంపడానికి గంటలు తీసుకుంటాయి. అది లోపలికి చేరేసరికి రాత్రవుతుంది. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఊళ్లో రాత్రి చల్లగా ఉంటుంది కాబట్టి కిటికీలు తీస్తే సరి.

ఇదే ఇల్లు విజయవాడలో కడితే? మే నెల రాత్రి గాలి కూడా వేడిగా, చెమ్మగా ఉంటుంది. గోడ మింగిన వేడి బయటికి పోయే దారి ఉండదు. మనవాళ్లు వేసవిలో మంచాలు ఆరుబయట, మిద్దెమీద వేసుకున్నది అందుకే. పాత ఇల్లు ఎక్కడైనా చల్లనే అనేవారితో నేను ఏకీభవించను.

నడక సంగతికొస్తే, అడ్డంగా నిలువుగా వీధులు కోసుకునే పేటలో ఎటు పోయినా, తిన్నని గీత కొలతకు 1.41 రెట్లకంటే ఎక్కువ నడవనక్కరలేదు. ఒక్క గేటున్న కాలనీలో గోడ అవతలి దుకాణానికి కిలోమీటరు చుట్టు తిరగాల్సి రావచ్చు. మామూలు నడకలో పది నిమిషాలకు సుమారు 800 మీటర్లు. ఆ దూరంలో బసవనగుడిలోని గాంధీ బజారు పూలు, కూరలు, 1943 నాటి విద్యార్థి భవన్ హోటలు దోసె ఉన్నవాళ్లకు రోజూ పోయివచ్చేసరికి ఇరవై నిమిషాలవుతుంది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కకు అది దాదాపు సరిపోతుంది. కాకపోతే చురుగ్గా నడవాలి, దోసె సంగతి వేరు!

పార్కుకూ దూరమే ప్రాణం. దాని చల్లదనం, సుమారుగా, తన వెడల్పు ఎంతో అంతవరకే బయటికి పాకుతుంది. కాబట్టి ఊరికొక మహావనం కన్నా పేటకొక పార్కు ఎక్కువ ఇళ్లకు అందుతుంది. బసవనగుడికి పెద్ద తోట లాల్‌బాగ్ దగ్గరే, అయినా నడిమధ్య కృష్ణారావు పార్కుంది, బసవన్న గుడి పక్కన బ్యూగల్ రాక్ పార్కుంది. హైదరాబాదు కేబీఆర్ పార్కు గొప్పదే గానీ, నడవడం కోసం అక్కడిదాకా కారేసుకుని వచ్చేవాళ్లెందరో గేటు దగ్గర చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ పాత ఇళ్లు ఒక్కొక్కటే పడిపోయి, కింద పార్కింగు, పైన ఫ్లాట్లు లేస్తున్నాయి. ఇంటిచుట్టూ మట్టి ఉన్నచోట టైల్స్ వస్తున్నాయి. నీరింకని నేలలో వీధి చెట్టు ఎంతకాలం నిలుస్తుంది? మీ వీధిలోనూ చెట్టు మొదలుదాకా సిమెంటు పోసి ఉంటే, చుట్టూ కనీసం మీటరు మేర పగలగొట్టించమని వార్డు ఆఫీసులో అర్జీ ఇవ్వండి. వానలకు ముందే ఇవ్వండి.