అట్టడుగు జట్లే తేల్చిన గ్రూప్

2015 అక్టోబరు 13 రాత్రి రిగాలో జరిగిన మ్యాచ్‌కి పైకి చూస్తే ఏ విలువా లేదు. యూరో 2016 అర్హత పోటీల్లో గ్రూప్ ‘ఎ’కి అది ఆఖరి రోజు. సొంత మైదానంలో ఆడుతున్న లాట్వియా అంతకుముందు తొమ్మిది మ్యాచ్‌లాడి ఒక్కటీ గెలవలేదు. ఎదురుగా ఉన్న కజకిస్తాన్‌దీ అదే పరిస్థితి. రెండు జట్లకూ టోర్నీ జరిగే ఫ్రాన్స్‌కి దారి ఎప్పుడో మూసుకుపోయింది. అయినా ఆడారు, ఒళ్లు దాచుకోకుండా ఆడారు. 65వ నిమిషంలో ఇస్లాంబెక్ కువాట్ కొట్టిన గోల్‌తో కజకిస్తాన్ 1-0తో గెలిచింది. ఆ గోల్ ఫలం దక్కింది మాత్రం రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, కోన్యాలో ఆడుతున్న టర్కీకి!

అదెలాగో తెలియాలంటే గ్రూప్ కథ మొదటినుంచీ చూడాలి.

2014 ఫిబ్రవరిలో నీస్ నగరంలో డ్రా తీసినప్పుడు ఇందులో నెదర్లాండ్స్, చెక్ రిపబ్లిక్, టర్కీ, లాట్వియా, ఐస్‌లాండ్, కజకిస్తాన్ పడ్డాయి. బలాబలాల వరస కూడా అదే. పైనున్న ఇద్దరికీ నేరుగా టిక్కెట్టు, మూడో జట్టుకి ప్లేఆఫ్. తొమ్మిది గ్రూపుల మూడో స్థానాల్లో అత్యుత్తమంగా నిలిచిన జట్టుకి మాత్రం ప్లేఆఫ్ బెడద లేదు. ఆ వేసవిలోనే ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్ స్పెయిన్‌ని 5-1తో చిత్తు చేసి, ఆఖరికి మూడో స్థానంతో ఇంటికొచ్చింది. ఇక ఈ గ్రూప్‌లో దానికి అడ్డెవరనుకున్నారంతా.

అడ్డు ఐస్‌లాండ్ రూపంలో వచ్చింది. అప్పటికి ఆ దేశంలో ఉన్నది దాదాపు మూడు లక్షల ముప్ఫై వేల మంది. మన నిజామాబాద్ నగర జనాభా అంత. చలికాలంలో పగలు నాలుగైదు గంటలకు మించని చోట పిల్లలు ఫుట్‌బాల్ ఎక్కడ ఆడాలి? 2000 నుంచి ఊరూరా పైకప్పున్న పెద్ద మైదానాలు కట్టారు. చిన్నపిల్లలకు సైతం శిక్షణ పొందిన కోచ్‌లనే పెట్టారు. ఆ కప్పుల కింద పెరిగిన తరమే జట్టు ఆటగాడు గిల్వి సిగుర్డ్‌సన్‌ది. స్వీడన్‌కి చెందిన లార్స్ లాగర్‌బ్యాక్‌తో కలిసి జట్టుని నడిపిన హేమిర్ హాల్‌గ్రిమ్సన్ వృత్తిరీత్యా దంతవైద్యుడు. సొంతగడ్డపై మ్యాచ్ ఉన్న రోజు ఆయన రేక్యావిక్‌లో అభిమానులు చేరే పబ్బుకి వెళ్లేవాడు. ఎవరెవర్ని ఆడిస్తున్నదీ, ఏ ఎత్తుగడతో దిగుతున్నదీ ప్రపంచానికి చెప్పకముందే వాళ్లకు చెప్పేవాడు. పబ్బు దాటి ఆ మాట పొక్కేది కాదు. అభిమానిని ఇంతగా నమ్మిన కోచ్ పెద్ద దేశాల్లో ఎవరున్నారు?

ఐస్‌లాండ్ తొలి మ్యాచ్‌లోనే టర్కీని 3-0తో ఓడించింది. 2014 అక్టోబరు 13న నెదర్లాండ్స్ వచ్చింది. పదివేల మంది కూడా పట్టని స్టేడియంలో గిల్వి రెండు గోల్స్ కొట్టాడు, ఒకటి పెనాల్టీతో. 2-0. ఏదో గాలివాటుగా జరిగిందని సర్దిచెప్పుకున్నారు కొందరు. మరుసటేడు సెప్టెంబరు 3న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఐస్‌లాండ్ మళ్లీ గెలిచింది, మళ్లీ గిల్వి పెనాల్టీతోనే, 1-0. మూడు రోజులకే కజకిస్తాన్‌తో గోల్స్ లేని డ్రా. అది చాలు, ఐస్‌లాండ్ తొలిసారి ఓ పెద్ద టోర్నీకి చేరింది.

నెదర్లాండ్స్ పతనం గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. కోచ్ మారాడు, ఆట మారలేదు. గుస్ హిడింక్ మధ్యలోనే వెళ్లిపోతే డానీ బ్లిండ్ వచ్చాడు. కోన్యాలో 3-0తో ఓటమి. ఆఖరి రోజు సొంతగడ్డపై పదిమందితో మిగిలిన చెక్ జట్టు చేతిలో 3-2తో మరో ఓటమి. అందులో ఒకటి నెదర్లాండ్స్ ఆటగాడు వాన్ పెర్సీ సొంత వలలోకే కొట్టుకున్న గోల్. 13 పాయింట్లతో నాలుగో స్థానం. 1984 తర్వాత ఆ జట్టు లేని యూరో ఇదే.

ఇక టర్కీ లెక్క. ఈ గ్రూప్‌లో నాకు మరీ ఇష్టమైన భాగమిది. మొదటి మూడు మ్యాచ్‌ల్లో దానికి దక్కింది ఒకే ఒక్క పాయింట్. అక్కణ్నుంచి కోచ్ ఫాతిహ్ తెరిమ్ జట్టుని లేవదీశాడు. ఆఖరి రోజు ఐస్‌లాండ్‌పై 0-0తో నడుస్తోంది, టర్కీకి రెడ్‌కార్డు కూడా పడింది. 89వ నిమిషంలో సెల్చుక్ ఇనాన్ ఫ్రీకిక్‌ని నేరుగా గోల్లోకి పంపాడు. మొత్తం 18 పాయింట్లు.

ఒక గ్రూప్‌లో ఐదు జట్లే ఉన్నాయి కాబట్టి, మూడో జట్లను పోల్చేటప్పుడు మిగతా గ్రూపుల్లో ఆరో జట్టుపై తెచ్చుకున్న పాయింట్లు తీసేయాలి. టర్కీ కజకిస్తాన్‌ని రెండుసార్లూ ఓడించింది, లాట్వియాతో రెండుసార్లూ 1-1తో సరిపెట్టుకుంది. కజకిస్తాన్ ఆరోదైతే పోయేవి ఆరు పాయింట్లు, మిగిలేవి 12. లాట్వియా ఆరోదైతే పోయేవి రెండే, మిగిలేవి 16. పోటీలో ఉన్న హంగరీకి ఆ లెక్కన 15. కువాట్ గోల్‌తో ఆరోదయింది లాట్వియానే. రిగాలో డ్రా అయినా, ఇనాన్ ఫ్రీకిక్ తప్పినా టర్కీ ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చేది. 2003 నవంబరులో ఇదే టర్కీని ప్లేఆఫ్‌లో ఓడించి యూరోకి వెళ్లింది లాట్వియానే. పన్నెండేళ్లకు దాని ఓటమి టర్కీకి కలిసొచ్చింది.

చిన్న జట్లను విడిగా ముందే వడపోయాలనీ, వాటితో ఆడటం పెద్ద క్లబ్బుల ఆటగాళ్లకు వృథా శ్రమ అనీ వాదించేవాళ్లున్నారు. ఆ వాదన నాకు అన్యాయంగా తోస్తుంది. నీస్‌లో డ్రా తీసినప్పుడు, బలాన్ని బట్టి జట్ల చీటీలు వేసిన పాత్రల్లో ఐస్‌లాండ్ ఉన్నది ఐదో దాంట్లో. అదే పాత్రలో ఉన్న ఉత్తర ఐర్లాండ్ తన గ్రూప్‌లో మొదటి స్థానం తెచ్చుకుంది, అల్బేనియా రెండో స్థానంతో ఫ్రాన్స్ చేరింది. మొదటి పాత్రలోంచి వచ్చి ఉత్తర ఐర్లాండ్ గ్రూప్‌లో పడిన గ్రీస్, ఫారో దీవుల చేతిలో రెండుసార్లు ఓడి ఆఖరి స్థానంలో నిలిచింది.