ట్రాన్స్‌మాన్: ఒక కృత్రిమ పరమాణువు జీవితకథ

ట్రాన్స్‌మాన్ అనేది సిలికాన్ లేదా నీలమణి పలక మీద అల్యూమినియం, నయోబియం వంటి లోహాలతో తీర్చిదిద్దిన ఒక చిన్న విద్యుత్ వలయం. ఐబీఎం, గూగుల్ సంస్థల క్వాంటం కంప్యూటర్లలో క్యూబిట్‌గా, అంటే సున్నా, ఒకటి అనే రెండు స్థితులనూ వేర్వేరు పాళ్లలో ఒకేసారి ధరించగల సమాచార మూలకంగా, పనిచేస్తున్నది ఇదే. పరమాణువుకు ఉన్నట్టే దీనికీ నిర్దిష్టమైన శక్తి స్థాయిలు ఉంటాయి కనుక దీన్ని కృత్రిమ పరమాణువు అని కూడా పిలుస్తారు. కోటానుకోట్ల ఎలక్ట్రాన్లు నిండిన లోహపు పొర ఒకే ఒక్క పరమాణువులా నడుచుకోవడం ఎలా సాధ్యమైందన్నదే దీని చరిత్ర. ఆ చరిత్రలోని రెండు కీలకమైన మలుపుల దగ్గర, అప్పటికింకా డాక్టరేటు పట్టా చేతికి రాని భౌతికశాస్త్ర విద్యార్థులు కనిపిస్తారు.

వారిలో మొదటివాడు బ్రయన్ జోసెఫ్‌సన్. కొన్ని లోహాలను తగినంత చల్లబరిస్తే వాటిలో విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమవుతుందని 1911లోనే లైడెన్ నగరంలో కామర్లింగ్ ఆన్స్ కనుగొన్నారు. ఈ అతివాహక స్థితిలో ఎలక్ట్రాన్లు జంటలు కట్టి, అన్నీ కలిసి ఒకే క్వాంటం తరంగంగా కదులుతాయని బార్డీన్, కూపర్, ష్రీఫర్ 1957లో వివరించారు. రెండు అతివాహకాల నడుమ విద్యుత్తును సాగనివ్వని అతి పలుచని పొరను ఉంచినప్పటికీ, ఆ జంటలు వోల్టేజీ అవసరం లేకుండానే ఒక వైపు నుంచి మరో వైపుకు చేరగలవని 1962లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిగా ఉన్న జోసెఫ్‌సన్ గణితపరంగా నిరూపించాడు. అప్పటికి అతని వయసు 22 ఏళ్లు. అతివాహకతకు సిద్ధాంతం అందించిన బార్డీన్ అంతటివాడు ఈ ఫలితాన్ని మొదట ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే బెల్ ప్రయోగశాలలో ఆండర్సన్, రోవెల్ దాన్ని ప్రయోగంతో ధ్రువపరచారు. 1973లో జోసెఫ్‌సన్‌కు నోబెల్ బహుమతి లభించింది.

ఈ సంధి, అంటే జోసెఫ్‌సన్ జంక్షన్, లేకపోతే ట్రాన్స్‌మాన్ లేదు. మామూలు తీగచుట్టతో, కెపాసిటర్‌తో కట్టిన డోలన వలయంలో శక్తి స్థాయిలు సమాన ఎత్తులో ఉన్న నిచ్చెన మెట్లలా ఉంటాయి కనుక, మొదటి మెట్టు ఎక్కించడానికి పంపిన మైక్రోవేవ్ తరంగమే రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ ఎక్కించేస్తుంది, దాంతో రెండే స్థితులను ఎంచుకొని వాడుకోవడం కుదరదు. తీగచుట్ట స్థానంలో జోసెఫ్‌సన్ సంధిని అమర్చితే, దాని ప్రేరకత్వం ప్రవాహాన్ని బట్టి మారుతుంది కాబట్టి మెట్ల ఎత్తులు సమానంగా ఉండవు. అప్పుడు అడుగున ఉన్న రెండు స్థాయిలను విడిగా పలకరించడం వీలవుతుంది.

అయితే కంటికి కనిపించేంత పెద్ద వలయం నిజంగా క్వాంటం నియమాలకు లోబడుతుందా అన్న ప్రశ్న చాలాకాలం మిగిలే ఉంది. ఆంథొనీ లెగెట్ లేవనెత్తిన ఈ ప్రశ్నకు 1984, 1985 సంవత్సరాల్లో బర్క్‌లీలో జవాబు దొరికింది. ఆచార్యుడు జాన్ క్లార్క్, ఫ్రాన్స్ నుంచి వచ్చిన మిషెల్ డెవొరే, విద్యార్థి జాన్ మార్టినిస్ కలిసి సంధి గుండా ప్రవాహం పంపి, అది వోల్టేజీ లేని స్థితి నుంచి ఎంతసేపటికి తప్పించుకుపోతుందో మళ్లీమళ్లీ కొలిచారు. ఉష్ణోగ్రతను తగ్గిస్తున్నకొద్దీ తప్పించుకునే వేగం తగ్గుతూ వచ్చి, ఒక హద్దు దాటాక ఇక తగ్గడం మానేసింది. ఆపైన ఎంత చల్లబరిచినా అదే వేగం కొనసాగిందంటే, వలయం అడ్డుగోడను వేడి సాయంతో ఎక్కి దాటడం లేదని, క్వాంటం టన్నెలింగ్ ద్వారా, అంటే తగిన శక్తి లేకుండానే గోడను చొచ్చుకొని, అవతలికి చేరుతున్నదని అర్థం. బయటి తీగల వెంట దిగివచ్చే అలజడి కూడా ఇలాంటి ఫలితాన్నే ఇచ్చి మోసగించగలదు కాబట్టి, వారు రాగి పొడి నింపిన గొట్టాల గుండా తీగలను పోనిచ్చి, అక్కర్లేని మైక్రోవేవ్‌లను ఆ పొడిలోనే ఇంకిపోయేలా చేశారు. ఈ రంగంలో గొప్పపనికి గుర్తు ఇలాంటి ఓర్పే. ఆ ముగ్గురికీ 2025లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

1999లో జపాన్‌లోని ఎన్ఈసీ పరిశోధనశాలలో నకమురా, పష్కిన్, సాయ్ ఇటువంటి వలయాన్ని తొలిసారి క్యూబిట్‌గా నడిపించారు. సున్నా, ఒకటిల కలయిక అందులో నిలిచింది కేవలం 2 నానోసెకన్లు. చుట్టుపక్కల పదార్థాల్లో ఒక్క ఎలక్ట్రాన్ ఆవేశంలో అటూఇటూ మార్పు వచ్చినా ఆ వలయం పౌనఃపున్యం చెదిరిపోయేది. 2007లో యేల్ విశ్వవిద్యాలయ బృందం దీనికి చూపిన పరిష్కారమే ట్రాన్స్‌మాన్: సంధికి పక్కగా పెద్ద కెపాసిటర్‌ను జతచేస్తే ఆవేశపు మార్పులకు లొంగే గుణం అత్యంత వేగంగా క్షీణిస్తుందని, మెట్ల మధ్య ఉండవలసిన అసమానత మాత్రం నెమ్మదిగానే తగ్గుతుందని వారు లెక్కగట్టి చూపారు. కొద్దిగా వదులుకొని ఎంతో దక్కించుకున్న ఈ బేరం, క్వాంటం యంత్రాల చరిత్రలో అత్యంత తెలివైన నిర్ణయమని నిస్సంకోచంగా చెప్పవచ్చు. నేటి ట్రాన్స్‌మాన్లలో నిలకడ కాలం వంద మైక్రోసెకన్లు దాటింది. అంటే తొలి క్యూబిట్ కంటే యాభై వేల రెట్లు మించినట్టే.

దీని తయారీ చూడదగినది. శూన్యపేటికలో పలక మీదికి ఒక కోణంలో అల్యూమినియం ఆవిరిని పంపి, కొద్దిపాటి ఆక్సిజన్‌ను లోనికి వదిలి పైన ఒకటి రెండు నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర కట్టనిచ్చి, ఆపైన మరో కోణంలో రెండోసారి అల్యూమినియం కప్పుతారు. రెండు పొరలు ఒకదానిపై ఒకటి పడినచోట సంధి ఏర్పడుతుంది. క్యూబిట్‌ను నడిపించే 5 గిగాహెర్ట్జ్ తరంగపు శక్తి ఇంచుమించు 0.24 కెల్విన్ వేడికి సమానం కనుక, వేడి వల్ల క్యూబిట్ తనంతట తాను పై మెట్టు ఎక్కకుండా ఈ పలకను పరమశూన్యానికి ఒక డిగ్రీలో నూరో వంతు పైన మాత్రమే ఉంచుతారు.

ఇంత చేసినా సాఫ్ట్‌వేర్ లేనిదే ఇది మూగ లోహం. ఒక గణన మెట్టు అంటే 20, 30 నానోసెకన్ల మైక్రోవేవ్ తునక. దాని ఆకారం మొరటుగా ఉంటే క్యూబిట్ మూడో స్థాయిలోకి జారిపోతుంది కాబట్టి, తరంగానికి చిన్న సవరణ జతచేసి ఆ జారుడును రద్దుచేసే పద్ధతిని 2009లో రూపొందించారు. క్యూబిట్ల పౌనఃపున్యాలు మెల్లగా పక్కకు జరుగుతూ ఉంటాయి కనుక వాటిని తరచూ కొలిచి సరిదిద్దే కార్యక్రమాలు కావాలి. పైగా చిప్ మీద ప్రతి క్యూబిట్‌కూ కొన్ని పొరుగువాటితోనే సంబంధం ఉండడంతో, దూరంగా ఉన్న రెండింటిని కలపాలంటే స్థితులను చేతులు మార్చుకుంటూ తీసుకురావాలి; ఒక్కో మార్పిడికి మూడు జంట ద్వారాలు, అంటే రెండు క్యూబిట్లపై ఒకేసారి జరిపే గణన మెట్లు, ఖర్చవుతాయి. తక్కువ ఖర్చులో దారి వెతకడం కంపైలర్ బాధ్యత. 2016లో 5 క్యూబిట్ల యంత్రాన్ని ఇంటర్నెట్ ద్వారా అందరికీ తెరిచిన ఐబీఎం, మరుసటి ఏడాది కిస్కిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేయడంతో, ప్రయోగశాల ముఖం చూడని విద్యార్థులు సైతం నిజమైన క్యూబిట్లపై పనిచేయగలిగారు.

53 క్యూబిట్ల సికమోర్ యంత్రం 200 సెకన్లలో చేసిన పనికి సూపర్ కంప్యూటర్‌కు పదివేల ఏళ్లు పడుతుందని 2019లో గూగుల్ ప్రకటించగా, రెండున్నర రోజులు చాలని ఐబీఎం ఖండించింది. ఆ వాదం కంటే 2024లో గూగుల్ వారి విల్లో అనే చిప్ ఇచ్చిన ఫలితం విలువైనది. అనేక క్యూబిట్లను కలిపి ఒకే తార్కిక క్యూబిట్‌గా వాడినప్పుడు, ఆ అమరికను 3×3 గళ్ల నుంచి 5×5కు, 5×5 నుంచి 7×7కు పెంచిన ప్రతిసారీ దోషం సగానికి దిగువకు తగ్గింది. దోషాలను తనే దిద్దుకోగల యంత్రం సాధ్యమేనని అనడానికి ఇంతకంటే గట్టి ఆధారం అప్పటివరకూ లేదు.

మన దేశంలోనూ, ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఇటువంటి అతివాహక క్యూబిట్లు తయారవుతున్నాయి. 2025 మే నెలలో ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ సంస్థలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి అమరావతి క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ గల యంత్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించాయి. ఆ యంత్రం మీద ప్రోగ్రాములు రాయడంతో సరిపెట్టుకోకుండా, సంధిని తయారుచేసే శూన్యపేటికలు, అతిశీతల కొలతల ప్రయోగశాలలు మన విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర శాఖల్లో కూడా ఏర్పడాలని, తెలుగు రాష్ట్రాల ఎమ్మెస్సీ విద్యార్థులు, ఆచార్యులు ఇప్పటినుంచే ప్రభుత్వాలను గట్టిగా కోరాలి.