తండ్రి పేరిట ఒక కారు

తాత పేరు మనుమనికి పెట్టుట తెలుగునాట అనాదిగా వచ్చుచున్న ఆచారము. పోయినవారి పేరు ఇంటిలో మరల వినబడుచుండవలెననియే దాని ఆంతర్యము. మామగారి పేరు నోట పలుకరాదని కోడలు ఆ బిడ్డను వేరొక ముద్దుపేరుతో పిలుచుకొనుటయు, బడిలో వేయునప్పుడు మాత్రమే అసలుపేరు బయటికి వచ్చుటయు తెలుగు ఇండ్లలో అందరును ఎరిగినదే. పేరు పెట్టుట సులభము. ఆ పేరు మోసిన మనిషి దేనిని ప్రేమించెనో తెలిసికొని దానిని నిలుపుట కష్టము. డెట్రాయిట్ నగరమునకు చెందిన ఒక అమెరికను కుటుంబపు చరిత్ర ఈ సంగతిని చక్కగా బోధించును.

1957 సెప్టెంబరు 4వ తేదీన అమెరికాలో ఒక క్రొత్త కారు విక్రయమునకు వచ్చెను. దాని పేరు ఎడ్సెల్. ఫోర్డు మోటారు కంపెనీని స్థాపించిన హెన్రీ ఫోర్డునకు గల ఏకైక పుత్రుని పేరది. ఆ పుత్రుడు మరణించి అప్పటికి 14 సంవత్సరములైనది. మూడేండ్లు నిండకమునుపే, 1959 నవంబరులో, ఆ కారు తయారీ నిలిచిపోయెను. నేటికిని ఆంగ్లమున ‘ఎడ్సెల్’ అనగా ఘోరముగా విఫలమైన ప్రయత్నమని అర్థము. కారునకు అందము కావలెనని తపించిన ఒక సౌమ్యుని పేరునకు పట్టిన గతి ఇది. అయినను ఆయన జ్ఞాపకము అంతటితో అంతరించలేదు. అది వేరొక త్రోవలో నిలిచినది.

గోడ పగులగొట్టిన తండ్రి

ఎడ్సెల్ ఫోర్డు 1893 నవంబరు 6వ తేదీన డెట్రాయిట్‌లో జన్మించెను. హెన్రీ తన చిన్ననాటి మిత్రుని పేరును కుమారునికి పెట్టుకొనెను. బాలునికి రెండున్నర యేండ్లు నిండినవో లేదో, 1896 జూన్ 4వ తేదీ తెల్లవారుజామున, తండ్రి తన మొదటి మోటారు బండిని ఇంటి వెనుకనున్న కొట్టములో పూర్తిచేసెను. బండి సిద్ధమైనది గాని కొట్టపు ద్వారము ఇరుకు. హెన్రీ గొడ్డలి చేపట్టి ఇటుకగోడను పగులగొట్టి బండిని వీధిలోనికి తెచ్చెను.

తండ్రి స్వభావమంతయు ఆ గొడ్డలి వ్రేటులో కనబడును. అడ్డమైన దానిని పడగొట్టి ముందునకు సాగుట ఆయన పద్ధతి. కుమారుని స్వభావము వేరు. ఆయన మెల్లగా మాటలాడువాడు. గీతలోని వంపును, రంగులోని మేళవింపును గమనించువాడు. కార్ల నడుమనే పెరిగెను. 1915లో, 21 యేండ్ల వయసున, మిత్రులతో కలిసి మోడల్ టీ కారులో అమెరికా ఖండమును దాటి, శాన్‌ఫ్రాన్సిస్కోలో జరుగుచున్న ప్రదర్శనమునకు పోయెను. మంచి రోడ్లు లేని ఆ దినములలో అది సామాన్యమైన ప్రయాణము కాదు. 1916లో ఎలినార్ క్లేను వివాహమాడెను. మరుసటి యేట జన్మించిన జ్యేష్ఠపుత్రునికి తండ్రి పేరే, హెన్రీ అని, పెట్టెను. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము సముద్రమున కావలకూడ కలదు.

1919 నాటికి ఎడ్సెల్ కంపెనీకి అధ్యక్షుడయ్యెను. అప్పటికాయన వయసు 25 యేండ్లు. పదవి ఆయనది, అధికారము తండ్రిది. 1908లో ఆరంభమైన మోడల్ టీ కారు సామాన్యునికి అందుబాటులో ఉండవలెనని హెన్రీ పట్టుదల. ఆ పట్టుదల లోకమునకు గొప్ప మేలు చేసినది. మొదట 850 డాలర్లున్న వెల క్రమముగా 300 డాలర్లకు దిగువకు వచ్చెను. కాని చాలకాలము ఆ కారునకు నలుపు తప్ప వేరొక రంగు లేకుండెను. ఇతర కంపెనీలు రంగురంగుల కార్లను తెచ్చి కొనుగోలుదారులను ఆకర్షించుచుండగా, మార్పు అవసరమని కుమారుడు తండ్రికి చెప్పి చెప్పి అలసిపోయెను. 1927లో, కోటి 50 లక్షల కార్లు తయారైన పిమ్మట, హెన్రీ ఎట్టకేలకు అంగీకరించెను. తరువాత వచ్చిన మోడల్ ఏ కారులో యంత్రము తండ్రిది, రూపము కుమారునిది. అది 48 లక్షలకు పైగా తయారైనది.

గీత నెరిగిన కుమారుడు

1922లో ఫోర్డు కంపెనీ, దివాలా తీసిన లింకన్ కంపెనీని 80 లక్షల డాలర్లకు కొనెను. తండ్రి జోక్యము తక్కువగానున్న ఆ చోట ఎడ్సెల్ తన అభిరుచికి స్వేచ్ఛ నిచ్చెను. పడవల రూపకల్పనలో చేయి తిరిగిన గ్రెగోరీ అను యువకుని చేరదీసి, 1935లో కార్ల రూపకల్పనకు ఒక ప్రత్యేక శాఖ నేర్పరచెను. ఎడ్సెల్ స్వయముగా బొమ్మలు గీయువాడు కాదు. కాని నమూనా ఎదుట నిలిచి, ఏ వంపు ఎక్కడ ఎక్కువైనదో, ఏ గీత ఎక్కడ తెగినదో ఇట్టే కనిపెట్టగలవాడు. పద్యము వ్రాయలేకపోయినను యతిభంగమును చెవితో పట్టుకొను రసికుని వంటివాడు.

ఈ ఇద్దరి స్నేహమునుండి 1934లో ఒక వేగపు బండి పుట్టినది. అల్యూమినియము శరీరముతో, తలుపులు లేక, నేలకు దగ్గరగా సాగిపోవు ఆ చిన్న కారు ఎడ్సెల్ సొంత వినియోగమునకు మాత్రమే తయారైనది. 1938లో ఆయన ఐరోపా యాత్రనుండి తిరిగివచ్చి, ఆ ఖండపు కార్ల తీరున ఒక బండి కావలెనని గ్రెగోరీని కోరెను. లింకన్ జెఫిర్ కారును ఆధారముగా గొని, ముందుభాగమును పొడిగించి, ఎత్తును తగ్గించి, అదనపు చక్రమును వెనుక నిలువుగా అమర్చి గ్రెగోరీ దానిని తీర్చెను. 1939లో ఫ్లోరిడాలో ఎడ్సెల్ దానిని నడుపుచుండగా చూచిన మిత్రులెల్లరు తమకును అట్టిది కావలెననిరి. అదియే లింకన్ కాంటినెంటల్. 1948 వరకు అయిదువేల పైచిలుకు మాత్రమే తయారైనవి.

కార్లతో ఆయన సౌందర్యతృష్ణ తీరలేదు. చిత్రములు సేకరించుట ఆయనకు మరియొక వ్యసనము. డెట్రాయిట్ కళాసంస్థను నడుపు సంఘమునకు ఆయన అధ్యక్షుడు. ఆర్థికమాంద్యములో ఆ సంస్థ ఉద్యోగులకు జీతములు లేకపోగా తన సొంత ధనమునుండి ఇప్పించెను. 1932లో మెక్సికో చిత్రకారుడు డీగో రివేరాను రప్పించి, సంస్థ గోడలపై ఫోర్డు కర్మాగారపు జీవితమును చిత్రింపజేసెను. కూలీల కండలు, కొలిమి మంటలు, ఇనుప యంత్రములు 27 ఫలకములలో రూపుదిద్దుకొనెను. రివేరా కమ్యూనిస్టు. చిత్రములు 1933లో బయటపడగానే మతాచార్యులు, పత్రికలవారు వానిని నిరసించిరి. సున్నము కొట్టి చెరిపివేయవలెనని కొందరు గర్జించిరి. ఎడ్సెల్ చలింపక చిత్రకారుని పక్షమున నిలిచెను.

ఆయన జీవితమున మచ్చ లేకపోలేదు. ఆ చిత్రరచనకు కొలది వారముల ముందు, 1932 మార్చి 7వ తేదీన, ఆకలితో ఊరేగింపుగా వచ్చిన నిరుద్యోగులపై ఫోర్డు కర్మాగారపు ద్వారముకడ కాల్పులు జరుగగా కొందరు కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. తండ్రి నమ్మిన మనుష్యులను అదుపుచేయుటకు అధ్యక్షుడైన కుమారునికి శక్తి చాలలేదు. సౌమ్యత ఒకొక్కప్పుడు దుర్బలతగా కూడ పరిణమించునని చెప్పక తప్పదు.

యుద్ధకాలపు శ్రమ, తండ్రితో ఎడతెగని సంఘర్షణ, కడుపులోని పుండు, క్యాన్సరు ఆయనను క్రుంగదీసెను. 1943 మే 26వ తేదీన, 49 యేండ్ల వయసున, ఎడ్సెల్ కన్నుమూసెను. అప్పటికి తండ్రి బ్రదికియే ఉండెను. కుమారుని స్థానమున ఆ వృద్ధుడే మరల అధ్యక్షుడై కూర్చుండెను. 1945లో ఇంటి స్త్రీలు, అనగా హెన్రీ భార్య క్లారా, కోడలు ఎలినార్, పట్టుబట్టి మనుమడగు రెండవ హెన్రీని ఆ పీఠమున కూర్చుండబెట్టించిరి.

రెండు స్మారకములు

తండ్రి జ్ఞాపకార్థము కారును నిర్మింపవలెనను కోరిక ఎడ్సెల్ కనిష్ఠపుత్రుడు విలియమ్ క్లేకు కలిగెను. తండ్రి మరణించునప్పటికి అతని వయసు 18 యేండ్లు. 1955లో అతని పర్యవేక్షణమున కాంటినెంటల్ మార్క్ టూ అను కారు బయటికి వచ్చెను. దానిపై తండ్రి పేరు లేదు; తండ్రి అభిరుచి కలదు. ఆడంబరపు తళుకులు, తోకరెక్కలు రాజ్యమేలుచున్న ఆ దినములలో అది నిరాడంబరమైన పొడవైన గీతలతో నిలిచెను. వెల సుమారు 10,000 డాలర్లు. అంత వెలపెట్టినను కంపెనీకి ప్రతి కారుపైనను నష్టమే మిగిలినది. సుమారు 3,000 కార్లు తయారైన పిమ్మట 1957లో దానిని నిలిపివేసిరి.

అదే కాలమున కంపెనీ వేరొక క్రొత్త కారునకు పేరు వెదకుచుండెను. వేలకొలది పేర్లు పరిశీలించిరి. మేరియాన్ మూర్ అను ప్రసిద్ధ కవయిత్రిని సైతము సలహా యడిగిరి. ఏదియు తేలకపోగా 1956లో డైరెక్టర్ల అధ్యక్షుడు ఎర్నెస్ట్ బ్రీచ్ ‘ఎడ్సెల్’ అను పేరును నిర్ణయించెను. తండ్రి పేరు లక్షలాది చక్రములమీద తిరుగుట కుమారులకు మొదటినుండియు ఇష్టము లేకుండెనని చెప్పుదురు. ఇష్టము లేకున్నను సమ్మతించిరి.

ప్రకటనలు ఆకాశమునంటెను. జనులు ఏదో అద్భుతమును ఆశించిరి. వచ్చిన కారు ముందుభాగమున గుఱ్ఱపు మెడపట్టెడ వంటి నిలువు కమ్మీని చూచి పరిహసించిరి. పనితనములో లోపములుండెను. 1958 నాటి ఆర్థికమాంద్యము తోడైనది. మూడు సంవత్సరముల నమూనాలు కలిపి సుమారు 1,18,000 కార్లు మాత్రమే తయారైనవి. ఆ కారు రూపములో ఎడ్సెల్ గీసిన గీత గాని, మెచ్చిన వంపు గాని ఒక్కటియు లేదు. ఆయనది ఏమియు లేని వస్తువుపై ఆయన పేరు మాత్రము మెరిసెను. దాని అపకీర్తి యంతయు ఆ పేరునకు చుట్టుకొనెను.

దాచినవారు, దాచినవి

కాలము మెల్లగా న్యాయము చేసినది. 1951లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల ఎనిమిది కార్లను శిల్పములుగా ఎంచి ప్రదర్శించెను. వానిలో 1941 నాటి లింకన్ కాంటినెంటల్ ఒకటి. 1952లో ప్రాచీన కార్ల ప్రియులు అమెరికాలో స్థాపించుకొన్న సంఘము, ఉత్తమమైన కార్లను ‘క్లాసిక్’ అని గుర్తించుటకు 1948ని తుది సంవత్సరముగా నిర్ణయించెను. కాంటినెంటల్ తయారీ ముగిసిన సంవత్సరమది.

1934 నాటి వేగపు బండి ఎడ్సెల్ మరణానంతరము చేతులు మారి, చాలకాలము జాడ తెలియక, చివరకు ఫ్లోరిడాలో బయటపడినది. 2008లో జరిగిన వేలములో 17 లక్షల డాలర్లకు పైగా పలికినది. తరువాత దానిని పూర్వరూపమునకు తెచ్చి, ఎడ్సెల్ నివసించిన గృహమునకే చేర్చిరి. ఆ గృహమును ఎలినార్ భర్త పోయిన పిమ్మట 33 సంవత్సరములు కాపాడి, 1976లో తాను మరణించునప్పుడు ప్రజల దర్శనార్థము విడిచిపోయెను. ఆమె దాచినది భర్త పేరును కాదు. ఆయన కూర్చుండిన కుర్చీని, మెచ్చిన చిత్రమును, తిరిగిన తోటను. పరిహాసపాత్రమైన ఎడ్సెల్ కార్లను సైతము నేడు కొందరు అభిమానులు వెదకి తెచ్చి, తుడిచి, నడుపుకొనుచున్నారు.

ఎడ్సెల్ విడిచిన మరియొక వస్తువు తెలుగునాటికి కూడ చేరినది. 1936లో ఆయన 25,000 డాలర్లతో ఫోర్డు ఫౌండేషన్ స్థాపించెను. ఆయన, తండ్రి మరణించిన తరువాత వారి ఆస్తిలో పెద్దభాగము ఆ సంస్థకు చేరెను. 1952లో అది ఢిల్లీలో కార్యాలయము తెరచెను. 1960 ప్రాంతమున దాని సహాయముతో భారతప్రభుత్వ మారంభించిన సాంద్ర వ్యవసాయ పథకమునకు మొదట ఎన్నుకొన్న ఏడు జిల్లాలలో పశ్చిమ గోదావరి ఒకటి. మేలురకపు విత్తనము, ఎరువు, పరపతి ఒక్కచో అందుకొన్న ఆ జిల్లా రైతులలో ఎందరు ఎడ్సెల్ అను పేరు వినియుందురు?

2013లో డెట్రాయిట్ నగరపాలక సంస్థ దివాలా తీసెను. అప్పులవారు కళాసంస్థలోని చిత్రములను అమ్మివేయవలెనని ఒత్తిడిచేసిరి. 2014లో పలు ధర్మసంస్థలు చేయి కలిపి ఉద్యోగుల పింఛనులకు ధనము సమకూర్చి, చిత్రములను కాపాడెను. అందులో ఫోర్డు ఫౌండేషన్ ఇచ్చినది 12 కోట్ల 50 లక్షల డాలర్లు. తాను పోయిన 71 సంవత్సరములకు, తాను నాటిన సంస్థ, తాను ప్రేమించిన చిత్రములకు అడ్డునిలిచి రక్షించినది.

రివేరా చిత్రించిన దక్షిణపు గోడమీద, దిగువన కుడిమూలలో, ఎడ్సెల్ ఇప్పటికిని కనబడును. పైన కార్మికులు కారును కూర్చుచుందురు. ఆయన మూలన ఒదిగి నిలుచుండును. బడిపిల్లలు బారులుతీరి వచ్చి ఆ గోడను చూచిపోవుచుందురు. మూలనున్న ఆ పెద్దమనిషి ఎవరని ఏ బాలుడైన అడిగినచో, కారునకు పెట్టిన పేరు చెప్పి ఉపాధ్యాయుడు ఊరకుండనక్కరలేదు. గోడవైపు వ్రేలు చూపిన చాలును.