పడకల నుండి లేచినవారు

లండను నగరమునకు పడమటి దిక్కున ఐజల్‌వర్త్ అను చోట బీదసాదల కొరకు ఏర్పడిన పాత వైద్యశాల యొకటి యుండెడిది. దిక్కులేని వృద్ధులు అందు చేరి, మంచమెక్కి, అచ్చటనే సంవత్సరములు గడుపుచుండిరి. వారి వ్యాధి యేమో, అది కుదురునో కుదురదో శ్రద్ధగా విచారించినవారు అరుదు. “దీర్ఘరోగి” అని చీటీలో వ్రాసిననాడే వైద్యుని పని ముగిసినట్లు భావింపబడుచుండెను.

1935లో ఆ వైద్యశాలను ప్రక్కనే యున్న వెస్టు మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో చేర్చిరి. 714 మంది రోగుల బాధ్యత డాక్టరు మార్జరీ వారెన్ అను వైద్యురాలికి వచ్చినది. వృద్ధుల వైద్యమను ప్రత్యేక శాఖ ఆనాటికి ఇంగ్లండులో లేదు. ఆమె మంచము మంచము కడకు పోయి, ఒక్కొక్కరిని ఆనాడే వచ్చిన రోగిని వలె పరీక్షింప మొదలిడెను. పక్షవాతముతో కాలుసేతులు బిగిసినవారు, మతి చెదరినవారు, ఇంచుక చేయూత యున్నచో లేచి నడువగలవారు, అందరును ఒకే పేరు క్రింద పడియున్నారని తేలెను. వారిని అవస్థను బట్టి అయిదు తెగలుగా విభజించి, ఎవరికి తగిన చికిత్స వారికి ఏర్పరచెను. వెనుక బల్లపై కూర్చుండబెట్టి “వీనికి చదువు రాదు” అని పేరు పెట్టిన పిమ్మట ఆ బాలుని నెవరును ప్రశ్న యడుగరు. ఉపాధ్యాయులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

పడక వలన కలుగు కీడును గూర్చి ఇచట కొంత వివరింపవలసియున్నది. ఏలయన, వృద్ధుని పడుకొనబెట్టుటయే దయ అని లోకమున గట్టి నమ్మకము కలదు. కదలక పడియున్నవాని కండరములు దినదినము క్షీణించును. మోకాళ్ళు ముడుచుకొని, కొంతకాలమునకు చాపినను సాగవు. తుంటి, మడమ, నడుము దిగువ భాగము ఒరసికొని పుండ్లు పడును. కాళ్ళలో నెత్తురు గడ్డకట్టవచ్చును. మరుగుదొడ్డికి వేళకు పోలేక పడక తడిపినవానికి “ఒడలు తెలియదు” అను అపవాదు వచ్చును. నిజమునకు వానికి లోపించినది ఒక చేయి సాయము మాత్రమే కావచ్చును. పిమ్మట సిగ్గు, సిగ్గు వెంట మౌనము. 1947లో రిచర్డు ఆషర్ అను లండను వైద్యుడు బ్రిటిషు వైద్య పత్రికలో ఈ అనర్థములను వరుసపెట్టి వ్రాసెను. మంచమును చూచి భయపడుడని వైద్యుడే చెప్పుట ఆనాడు వింతగా తోచియుండును.

వారెన్ తన వార్డులలో చేసిన మార్పులు వినుటకు చిన్నవి. బూడిదరంగు గోడలకు మీగడరంగు వేయించెను. దీపముల వెలుగు పెంచెను. మంచములపై ఎఱ్ఱని కంబళ్ళు పరపించెను. రేడియో వినుటకు హెడ్‌ఫోనులు అమర్పించెను. గోడల రంగుతో రోగము కుదురునా యని నవ్వవచ్చును. అట్లు నవ్వువారు ఏండ్ల తరబడి ఒకే గోడను చూచుచు పడుకొనినవారు కారు.

అందరును లేవలేదు. లేవలేనివారిని పుండు పడకుండ ఒత్తిగిలించుట, శుభ్రముగా నుంచుట కూడ చికిత్సయే యైనది. పలువురు మాత్రము లేచి నడచిరి. కొందరు ఇండ్లకు పోయిరి. దీర్ఘరోగుల పడకలు 240కి తగ్గగా, మిగిలినవి క్షయరోగులకు ఉపయోగపడెను. 1943లోను, 1946లోను ఆమె ప్రకటించిన వ్యాసములు ఇంగ్లండులో వృద్ధుల వైద్యమునకు పునాదులైనవి.

భారతదేశమున తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై 2007లో వచ్చిన చట్టము, ప్రభుత్వములు జిల్లాకు కనీసము ఒక వృద్ధాశ్రమమును, అందు కనీసము 150 మంది నిరుపేదలకు చోటును ఏర్పరుపవచ్చునని చెప్పుచున్నది. పడకలను లెక్కించుట సులభము. ఆశ్రమమును చూడబోయినవారు తెల్లని దుప్పట్లను, తుడిచిన నేలను, నిశ్శబ్దమును చూచి మెచ్చుకొని వత్తురు. ఉదయము పది గంటలకు ఎందరు మంచము మీద నున్నారు, కుర్చీ వారు తమంతట లేచుటకు తగినంత ఎత్తున్నదా, రాత్రివేళ మరుగుదొడ్డి ఎన్ని అడుగుల దూరము, అన్నము ఎవరి చేతితో నోటికి పోవుచున్నది అని అడుగువారు తక్కువ. తెలుగు కుటుంబములలో పెద్దలకు పని చెప్పకపోవుట మర్యాద. “మీరు కూర్చోండి తాతగారూ, మేము చూసుకుంటాము” అను మాటలో ప్రేమ యున్నది. ఆ మాటయే ఆశ్రమములోని ఆయా నోట వచ్చునప్పుడు దానిలో తొందరయు కలియును. ముప్పదిమందికి అన్నము పెట్టవలసిన ఆమె, వణకు చేతితో కలుపుకొని తినువాని కొరకు ఎంతసేపు కాచుకొనగలదు? తప్పు ఆమెది కాదు, ముప్పదిమందికి ఒకతెనే నియమించినవారిది.

అక్టోబరు 1 వయోవృద్ధుల దినము. ఆనాడు బడుల నుండి పిల్లలు పండ్ల బుట్టలతో ఆశ్రమములకు పోవుట కలదు. అరటిపండు ఒలిచి నోటికి అందించుచుండగా ఫోటో తీయుదురు. తొక్క తానే ఒలుచుకొనుటకు ఒక ముసలమ్మకు అయిదు నిమిషములు పట్టవచ్చును. వచ్చిన పిల్లవాడు అంతసేపును ప్రక్కన కూర్చుండినచో, ఆమె తన ఊరి పేరు, తాను చదివిన బడి పేరు కూడ చెప్పవచ్చును.