ఎవరి గుండెదే అది?

చెయ్యి చాపితే మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, గోడ గడియారం వంక చూస్తూ నాడి లెక్కపెట్టే డాక్టరుగారు మనలో చాలామందికి చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషే. 2020, 2021 కరోనా రోజుల్లో ఆ పని చేసే క్లిప్పు ఇంటింటికీ వచ్చేసింది. వేలికి తగిలించుకుని అంకె చూసుకోవడం పాలు కాచినంత మామూలైపోయింది. అయితే ఆ అంకె ఎలా పుడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? కాకినాడలో మా అన్నయ్య కూతురు ఆ సంగతి తేల్చుకుందామని రెండు నెలలు కూర్చుంది. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం, ప్రాజెక్టు చెయ్యాలి మరి.

"ఎందుకమ్మా ఈ తంటాలు? డబ్బు కడితే తయారుగా ఇస్తారట. రికార్డు కూడా వాళ్లే రాసిస్తారట" అన్నాడు అన్నయ్య. ఆయన్ని అని లాభం లేదు, చాలా ఇళ్లలో జరుగుతున్నదే. వదినే అడ్డం పడింది. "నాలుగేళ్లు ఫీజులు కట్టింది చివర్లో కొనుక్కోవడానికా?" అని. నాకైతే ఆ ప్రశ్న ఒక్కటీ చాలు!

పిల్ల తెచ్చుకున్న సరంజామా అరచేతిలో పట్టేంత. ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి. చిన్న ప్రోగ్రాము రాసి ఎక్కిస్తే అదే పని చేస్తూ కూచుంటుంది. బ్లూటూత్, వైఫై అందులోనే ఉంటాయి. రెండోది మ్యాక్స్30102 అనే బుల్లి సెన్సరు. రెంటికీ మధ్య నాలుగే తీగలు. రెండు కరెంటుకి, రెండు కబుర్లకి.

సెన్సరు చేసే పని వింటే ముచ్చటేస్తుంది. వేలి కొస మీదికి ఎర్ర వెలుగునీ, కంటికి కనబడని పరారుణ వెలుగునీ పంపుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలిలోకి రక్తం కాస్త ఎక్కువగా వచ్చి, ఆ వెలుగుని కాస్త ఎక్కువగా మింగేస్తుంది. తిరిగొచ్చే వెలుగు ఆ మేరకు తగ్గుతుంది. ఒక తగ్గుదలకీ మరో తగ్గుదలకీ మధ్య 800 మిల్లీసెకన్లు పడితే నిమిషానికి 75 సార్లన్నమాట. ఇంతే లెక్క.

తీగ లేకుండా గుండె లెక్క పంపడం కొత్తదేం కాదు. 1977లో ఫిన్లాండులో పెట్టిన పోలార్ కంపెనీ 1982లోనే ఆటగాళ్ల కోసం అలాంటిది తెచ్చింది. ఛాతీకి పట్టీ, చేతికి గడియారం. తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ 2010లో వచ్చాక ఈ కబుర్లకి ఒక కట్టుబాటు ఏర్పడింది. గుండె వేగానికి 180డి అని ఒక నంబరు, అందులో అసలు లెక్కకి 2ఏ37 అని మరో నంబరు. ఆ పద్ధతిలో పంపితే ఎవరి ఫోనులోనైనా దానికి తగ్గ యాప్ ఉంటే చాలు, చదివేస్తుంది. సెన్సరు ఎక్కడ పెట్టారో చెప్పడానికీ అంకెలున్నాయి. ఛాతీ అయితే 1, మణికట్టు 2, వేలు 3, చెవి తమ్మె 5. అన్నట్టు బ్లూటూత్ అన్నది పదో శతాబ్దంలో డెన్మార్కునేలిన రాజు హరాల్డ్ మారుపేరు!

మొదటిరోజు నమూనా ప్రోగ్రాము ఎక్కించగానే ఫోనులో 72, 73, 74 అంటూ అంకెలు కదిలాయి. పిల్లలందరూ చప్పట్లు. మంచం మీదున్న మా అమ్మ తొంగి చూసి, "ఎవరి గుండెదే అది?" అంది. ఎవరిదీ కాదు. సెన్సరింకా కాగితం పొట్లంలోనే ఉంది. ఇలాంటి నమూనాల్లో చాలావాటిలో గుండే ఉండదు. బ్లూటూత్ పనిచేస్తోందో లేదో చూడ్డానికి బోర్డే అంకెలు అల్లి పంపుతుంది. అది మోసమేం కాదు, పరీక్ష. కానీ దాన్నే పరీక్షాధికారి ముందు పెట్టి మార్కులు కొట్టేస్తే? "అలా చేసినవాళ్లు ఉన్నారత్తా, ఎవరూ వేలు పెట్టి చూడరు" అంది కోడలు. మూతి ముడుచుకుని సెన్సరు బయటికి తీసింది.

అసలు కథ అప్పుడు మొదలైంది. వేలు గట్టిగా నొక్కితే రక్తం పక్కకి పోయి లెక్క రాదు. చేతులు చల్లగా ఉన్నా రాదు. గిన్నెలు తోమి వచ్చిన వదిన చెయ్యి వేడిచేసుకున్నాక గానీ పలకలేదు. ఇక అమ్మ వేలు పెట్టగానే 144! ఇంట్లో అందరి గుండెలూ జారాయి. వదిన అమ్మ మణికట్టు పట్టుకుని నిమిషం లెక్కపెడితే 72. ఒక్కో దెబ్బకీ వెనక ఒక చిన్న అల కూడా వస్తుందట, ప్రోగ్రాము దాన్నీ ఇంకో దెబ్బగా లెక్కేసింది. రెండు దెబ్బల మధ్య ఇంత వ్యవధి తప్పనిసరి అని రాసి, నాలుగు దెబ్బల సగటు తీస్తే కుదుటపడింది. ఆ సగటు వల్ల మేడమెట్లెక్కి వచ్చినప్పుడు అంకె కొంచెం ఆలస్యంగా పెరుగుతుంది. అదీ రాసుకుంది.

వేలు తీసేసినా పాత అంకె అలాగే నిలబడి ఉండడం నాకు అన్నిటికన్నా భయమనిపించింది. మనిషి లేకపోయినా 72 చూపిస్తే ఎలా? ఆ బ్లూటూత్ పద్ధతిలోనే "స్పర్శ లేదు" అని చెప్పడానికి చోటుంది. వెలుగు తిరిగి రాకపోతే ఆ మాటే పంపేలా మార్చింది. ఫోను పట్టుకుని పెరట్లోకి వెళితే కనెక్షన్ తెగిపోయేది, తిరిగొచ్చినా కలిసేది కాదు. తెగిన ప్రతిసారీ "నేనిక్కడున్నా" అని బోర్డు మళ్లీ చాటుకోవాలని ప్రోగ్రాములో చెప్పాలట. ఒక్క వరుస. దానికి మూడు రాత్రులు!

ఇది చదివి ఇంట్లో ఎవరికైనా మందులు తగ్గించడమో పెంచడమో చేసేరు సుమా. ఇది వైద్య పరికరం కాదు. కదలకుండా కూర్చున్న పెద్దవాళ్లకి 60 నుంచి 100 దాకా మామూలు. అంకె మామూలుగా ఉన్నా ఆయాసం, దవడ లాగడం, వీపులో నొప్పి, చెమటలు, ఎప్పుడూ లేని నీరసం వస్తే గ్యాసులే అని సరిపెట్టుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఆడవాళ్లలో గుండెపోటు అలా కూడా వస్తుంది.

రికార్డులో ఇప్పుడొక పట్టిక ఉంది. ఒక పక్క చేత్తో లెక్కపెట్టినది, ఒక పక్క బోర్డు చెప్పినది. అమ్మ 144 కూడా కొట్టేయకుండా తారీఖుతో సహా ఉంచింది. చేత్తో లెక్కపెట్టిన వరుసలన్నీ వదిన రాతే. వైవా వచ్చే నెల. అన్నయ్య ఈమధ్య ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే వేలు చాపుతున్నాడు.