కువైట్‌కు పోయే దారి

చక్రాయపేట, రాయచోటి, పులివెందుల పల్లెల్లో కువైట్ పేరు అందరికీ తెలుసు. మన ఆడవాళ్లు ఎందరో అక్కడ ఇంటిపనికి పోయారు. కొందరు అప్పులు తీర్చుకున్నారు. కొందరు మోసపోయి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. పోయిన దారిలోనే తేడా ఉంది.

కువైట్ అరబ్బుల దేశం. దాని రాజధాని కువైట్ సిటీ. కడప నుంచి అక్కడికి విమానం లేదు. చక్రాయపేట నుంచి కడపకు బస్సులో పోవాలి. కడపలో చెన్నై రైలు ఎక్కాలి. చెన్నైలో విమానం ఎక్కితే నాలుగైదు గంటల్లో కువైట్ వస్తుంది. హైదరాబాదు నుంచి కూడా విమానాలు ఉన్నాయి.

ఈ ప్రయాణం సులభమే. కాగితాల దగ్గరే జాగ్రత్త కావాలి.

మొదటిది పాస్‌పోర్టు. తిరుపతిలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. పది పాసు కాని వారి పాస్‌పోర్టు మీద 'ఇ.సి.ఆర్.' అని ఉంటుంది. అలాంటి వారు కువైట్‌లో పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి. వయసు ఎక్కువ రాయించి పోతే రేపు కష్టం వచ్చినప్పుడు ఆ కాగితమే అడ్డం తిరుగుతుంది.

రెండోది వీసా. ఇంటిపని వీసాను 20 నంబరు వీసా అంటారు. కొందరు ఏజెంట్లు, "ముందు విజిట్ వీసా మీద దుబాయికి పో. ఆడినుంచి కువైట్‌కు పంపిస్తాం" అంటారు. ఆ మాట నమ్మకూడదు. విజిట్ వీసా చూసి రావడానికే. అలా పోయిన మనిషి పనికి పోయినట్టు మన ప్రభుత్వం లెక్కలో ఉండదు. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లను ఇంటిపనికి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2016లో నియమం వచ్చింది. మన రాష్ట్రంలో ఆ సంస్థ పేరు ఓంక్యాప్.

మూడోది పని ఒప్పందం. జీతం ఎంత, ఎన్నేళ్లు పని, యజమాని ఎవరు అనేవి అందులో ఉండాలి. 2015లో కువైట్ ఇంటిపని వారికోసం చట్టం చేసింది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి. యజమాని పాస్‌పోర్టు లాక్కోకూడదు.

పాస్‌పోర్టులో తెలుగు ఉండదు. "మనకేం అర్థమవుతుందిలే" అని పక్కన పెట్టొద్దు. అంకెలు మీరు నేర్చుకున్నవే. పుట్టిన తేదీ చూడండి. గడువు తేదీ చూడండి. పాస్‌పోర్టు నంబరులో ఇంగ్లీషు అక్షరం, అంకెలు ఉంటాయి. ఒప్పందంలో జీతం అంకె చూడండి. మిగతాది ఏజెంటు చేత కాకుండా చదువుకున్న వేరొకరి చేత చదివించుకోండి. ఆ తరువాతే సంతకం పెట్టండి.

అన్ని కాగితాలూ జిరాక్సు తీయించి ఒక కట్ట ఇంట్లో ఉంచాలి. యజమాని పేరు, చిరునామా, ఫోను నంబరు నోటుబుక్కులో రాసిపెట్టాలి. అక్కడ ఏదైనా జరిగితే, ఇక్కడి మనవాళ్లు ఆ కట్ట పట్టుకునే కలెక్టరాఫీసుకు పోగలరు.