తలుపు మూసినా చూడవచ్చు



తిరుపతికి దగ్గరలో చంద్రగిరి కోట ఉంది. కోటలోని రాజమహల్‌లో మ్యూజియం ఉంది. మ్యూజియం అంటే ఏమిటి? పాతకాలపు వస్తువులను భద్రంగా దాచి, అందరికీ చూపించే ఇల్లు. చంద్రగిరి మ్యూజియంలో మన పెద్దలు చేసిన రాతి విగ్రహాలు, లోహపు విగ్రహాలు ఉన్నాయి.

2020లో కరోనా వచ్చింది. మార్చి 17న పురావస్తు శాఖ దేశమంతా తన కోటలను, మ్యూజియంలను మూసేసింది. చంద్రగిరి కోటకూ తాళం పడింది. మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం ఆపారు. గుడిలో పూజలు మాత్రం ఆగలేదు. మనం ఎస్వీబీసీ టీవీలో స్వామి సేవలు చూసి దండం పెట్టుకున్నాం.

మరి మ్యూజియంను కూడా ఇట్లా ఇంటికే చూపించవచ్చా? చూపించవచ్చు. చైనా వాళ్లు ఏం చేశారో చూడండి.

చైనాలోని బీజింగ్ నగరంలో రాజుల కోట ఉంది. దాన్ని 1420లో కట్టి ముగించారు. ఇప్పుడు అది పెద్ద మ్యూజియం. కరోనా వల్ల 2020 జనవరి 25న దాన్ని మూసేశారు. ఏప్రిల్‌లో వాళ్లకు పెద్దలను తలచుకొనే పండుగ వచ్చింది. ఆ సెలవుల్లో, 5, 6 తేదీలలో, ఖాళీ కోటను ఫోన్లలో చూపించారు.

ఇది ఎట్లా జరుగుతుంది? ఒకరు కెమెరా పట్టుకొని నడుస్తారు. ఇంకొకరు వివరం చెబుతారు. అది అప్పటికప్పుడే మన ఫోన్‌లో కనబడుతుంది. దీన్ని లైవ్ అంటారు. చూసేవాళ్లు తమ సందేహాన్ని ఫోన్‌లో రాసి పంపవచ్చు. చెప్పేవాళ్లు దాన్ని చదివి జవాబు చెప్పవచ్చు.

టిబెట్‌లోని లాసాలో పోతాల అనే పాత మహల్ ఉంది. దాన్ని 2020 మార్చి 1న లైవ్‌లో చూపించారు. ఎక్కడ చూపించారో తెలుసా? తావొబావ్ అనే ఫోన్ అంగడిలో! అది సరుకులు కొనే చోటు. అక్కడే ఎందుకు? జనం అక్కడే ఉన్నారు కాబట్టి. జాతరలో జనం ఉంటారనే కదా గాజుల అంగడి అక్కడ పెడతారు! లక్షల మంది ఆ మహల్‌ను ఇంట్లో కూర్చొని చూశారు.

మన దగ్గర కూడా ఇట్లాంటి దారి ఉంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని చాలా వస్తువులను గూగుల్ ద్వారా ఫోన్‌లో చూడవచ్చు. ఆ మ్యూజియంలో ముసుగు వేసుకున్న రెబెక్కా బొమ్మ ఉంది. దాన్ని ఇటలీ శిల్పి చెక్కాడు. ముసుగు కూడా రాయే. చూస్తే పల్చటి గుడ్డ లాగే ఉంటుంది.

టీవీ చెబుతుంది, మనం వింటాం. ఫోన్ అట్లా కాదు. మనం అడగవచ్చు కూడా. అయితే అడగాలంటే రాయడం రావాలి. బొమ్మ కింద ఉన్న పేరు తెలియాలంటే చదవడం రావాలి. మీరు కష్టపడి నేర్చుకున్న అక్షరం ఇక్కడ పనికి వస్తుంది.

ఒక చిక్కు ఉంది. చాలా ఇళ్లలో ఫోన్ ఒకటే ఉంటుంది. అది మగవాళ్ల చేతిలోనో, పిల్లోళ్ల చేతిలోనో ఉంటుంది. ఫోన్ చేతికి రాకపోతే తలుపు మూసినట్టే కదా! రోజూ కొంచెంసేపు ఫోన్ మీరూ అడిగి తీసుకోండి. "మ్యూజియం" అని మీ చేత్తోనే రాసి వెతకండి.

ఫోన్‌లో చూడడం చాలని కాదు. విగ్రహం ఎంత ఎత్తు ఉందో ఎదురుగా నిలబడితేనే తెలుస్తుంది. చంద్రగిరి మ్యూజియంకు శుక్రవారం సెలవు. ఇంకో రోజు నలుగురూ కలిసి వెళ్లండి. బొమ్మల దగ్గర రాసిన పేర్లు మీరే చదవండి.

మాట్లాడుకోండి:

1. మీ ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది?

2. మీ ఊళ్లో చూపించదగిన పాత వస్తువు ఏది?

3. మ్యూజియం వాళ్లను మీరు ఏమి అడుగుతారు? ఒక ప్రశ్న రాయండి.